పాఠం పంపితే సరిపోదు, దిద్దేవాళ్లు కావాలి

గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా విజయనగరంలో జరిగిన ఒక సభకి వెళ్లాను. పోటీ పరీక్షలకు ఫోన్లో పాఠాలు చెప్పే సంస్థలో పనిచేసే కుర్రాడొకరు అక్కడ మాట్లాడాడు. చురుకైనవాడు, విషయం తెలిసినవాడు. "ఇన్నాళ్లూ మనం దూరవిద్య అన్నది పోస్టులో పుస్తకాల కట్ట పంపడమే. అసలు దూరవిద్య ఇంటర్నెట్టుతోనే మొదలైంది. ఇంకా స్టడీ సెంటర్లు, ఆదివారం క్లాసులు అని పట్టుకు వేలాడటం దేనికి?" అన్నాడు. సభలో చాలామంది తలలూపారు. నా పక్కన కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టారు కూడా "నిజమే కదండీ" అన్నారు.

నేను చాలా ఏళ్లు ఆదివారం క్లాసులు చెప్పాను. మామూలు రోజుల్లో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర, ఆదివారం అవే గదుల్లో దూరవిద్య వాళ్లకు కౌన్సెలింగ్, అంటే సందేహాలు తీర్చి, రాసినది దిద్దడం. అందుకే ఆ మాట నన్ను పట్టుకుంది. ఇంటికొచ్చాక దూరవిద్య నడిచి వచ్చిన దారంతా మళ్లీ ఒకసారి తలపోసుకున్నాను. ఎక్కడ చూసినా నాకు ఒకటే కనపడింది. పాఠాన్ని దూరం పంపడం ప్రతి కాలంలోనూ ఏదో ఒక పద్ధతిలో సులువుగానే జరిగిపోయింది. చదివేవాళ్లు రాసినదాన్ని ఒకరు కూర్చుని చూసి, తప్పు దిద్ది, మళ్లీ వాళ్ల చేతికివ్వడమే కష్టమైంది. ఆ పని జరిగిన చోట దూరవిద్య నిలబడింది. జరగని చోట పాఠం ఎంత గొప్పదైనా పెద్దగా ఫలితం లేకపోయింది.

తిరిగొచ్చిన కార్డు

1728లో బోస్టన్ గెజిట్ పత్రికలో కేలెబ్ ఫిలిప్స్ అనే ఆయన ఒక ప్రకటన ఇచ్చాడు. షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవాలనుకునేవాళ్లకి వారం వారం పాఠాలు పంపుతానన్నాడు. దూరవిద్యకు మొదలు అదేనని కొందరంటారు. అయితే ఆ పాఠాలు అందుకున్నవాళ్లు తిరిగి ఏమైనా రాశారా, ఆయన దిద్దాడా అన్నదానికి ఆధారం లేదు. అందుకే ఎక్కువమంది చరిత్రకారులు ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ దగ్గర, 1840 దగ్గర లెక్క మొదలుపెడతారు. ఆ ఏడాదే అక్కడ ఒక పెన్నీకి దేశంలో ఏ మూలకైనా ఉత్తరం చేరే తపాలా పద్ధతి వచ్చింది. పిట్‌మన్ తన షార్ట్‌హ్యాండ్ విధానాన్ని ఒక కార్డు మీదకి కుదించి పంపేవాడు. నేర్చుకునేవాళ్లు బైబిల్లో కొన్ని వాక్యాలను ఆ లిపిలో రాసి తిప్పి పంపేవారు. అవి దిద్దుబాట్లతో మళ్లీ వాళ్లకి చేరేవి. నూట ఎనభై ఏళ్ల కిందటే ఆయనకి అర్థమైన సంగతి ఇది: వెళ్లిన కార్డు తిరిగి రావాలి.

1858లో లండన్ విశ్వవిద్యాలయం మరో తలుపు తీసింది. ఏ కాలేజీలో చదివారన్నది అడగకుండా ఎవరైనా వచ్చి పరీక్ష రాయొచ్చంది. చాలా పెద్ద మార్పే. కానీ బోధన తన పని కాదనుకుంది, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడంతో సరిపెట్టుకుంది. మరి చదువు ఎవరు చెప్పాలి? ఆ ఖాళీలోకి ప్రైవేటు సంస్థలు వచ్చాయి. 1887లో కేంబ్రిడ్జిలో విలియం బ్రిగ్స్ యూనివర్సిటీ కరెస్పాండెన్స్ కాలేజీ పెట్టాడు. తర్వాత నవలాకారుడిగా పేరు తెచ్చుకున్న హెచ్.జి. వెల్స్ అక్కడ కొంతకాలం జీవశాస్త్రం ట్యూటరుగా పనిచేశాడు. విశ్వవిద్యాలయం వదిలేసిన పనిని ఎవరో ఒకరు చేయక తప్పలేదు. చేసినందుకు విద్యార్థులు డబ్బు కట్టారు, కట్టలేనివాళ్లు తమ తిప్పలు తాము పడ్డారు.

ఇంగ్లండు ఓపెన్ యూనివర్సిటీ గురించి మాట్లాడినప్పుడల్లా అందరికీ బీబీసీ పాఠాలే గుర్తొస్తాయి. 1963లో హెరాల్డ్ విల్సన్ ఆ ఆలోచన బయటపెట్టినప్పుడు రేడియో, టీవీల మీద నడిచే విశ్వవిద్యాలయం లాంటిదే అనుకున్నారు కూడా. కానీ 1971 జనవరిలో మొదటి బ్యాచి మొదలయ్యేసరికి దాని అసలు పనితనం వేరే చోట ఉంది. ఊరూరా స్టడీ సెంటర్లు, ట్యూటర్లు, వాళ్లు చేత్తో దిద్ది పంపే అసైన్‌మెంట్లు, వేసవి శిబిరాలు. టీవీ పాఠం పేరు తెచ్చిపెట్టింది. డిగ్రీలు చేతికొచ్చేలా చేసింది ట్యూటర్లు.

ప్రైవేటుగా కట్టినవాళ్లు

మన వైపు కూడా ఈ కథ పాతదే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. ఉద్యోగం చేసుకుంటూనే ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది), ఆ తర్వాత బీఏ ప్రైవేటుగా చదివి పాసయ్యారు. ముఖలింగం గుడి శాసనాల లిపిని సొంతంగా నేర్చుకున్నారు. మనం ఆయన్ని వ్యావహారిక భాష కోసం, సవర భాష కోసం తలచుకుంటాం. కాలేజీ గుమ్మం ఎక్కకుండా డిగ్రీ సంపాదించిన ఉద్యోగి అని కూడా తలచుకోవాలని నాకనిపిస్తుంది.

కానీ గిడుగు వారి దారి అందరికీ కుదిరేది కాదు. ప్రైవేటుగా కట్టడమంటే పరీక్ష ఫీజు కట్టి, పుస్తకాలు వెతుక్కుని, ఎవరినో ఒకరిని బతిమాలి చెప్పించుకుని, పరీక్ష రోజున వెళ్లి రాయడం. మా నాన్నగారి తరంలో ఇలా మెట్రిక్ కట్టి తప్పినవాళ్లు ప్రతి ఇంట్లో ఉండేవారు. లెక్కలో, ఇంగ్లీషో పోయేది. ఎందుకు పోయిందో చెప్పేవాళ్లుండరు. మళ్లీ కట్టేవారు, మళ్లీ పోయేది. మూడోసారికి విసిగి ఏ కిరాణా కొట్లోనో లెక్కలు రాయడానికి కుదురుకునేవారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. తమ జవాబు కాగితంలో తప్పెక్కడుందో జీవితంలో ఒక్కసారి కూడా వాళ్లకి ఎవరూ చూపించలేదు.

మన దేశంలో విశ్వవిద్యాలయం తానే పాఠాలు పంపడం 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంతో మొదలైంది. పదేళ్లకి, 1972లో, ఆంధ్రా యూనివర్సిటీ వాల్తేరులో కరెస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. శ్రీకాకుళం జిల్లా టీచర్లకి, గుమాస్తాలకి అది పెద్ద ఆసరా. సెలవుల్లో కాంటాక్ట్ క్లాసులకి విశాఖ వెళ్లేవారు. పలాస పాసింజరులో తెల్లవారుజామున ఎక్కి, దారి పొడుగునా నోట్సు తిరగేసుకుంటూ కూర్చునేవాళ్లని నా చిన్నప్పుడు చూశాను. పిల్లల్ని బళ్లో దండించే మాస్టార్లే అక్కడ పుస్తకం పట్టుకుని ఒకర్నొకరు ప్రశ్నలు అడుగుతుంటే నాకు వింతగా ఉండేది.

అసలు మలుపు 1982. భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లోనే, ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. మొదటి వైస్ చాన్సలర్ ఆచార్య జి. రాంరెడ్డి గారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) పెట్టినప్పుడు దానికీ ఆయన్నే మొదటి వైస్ చాన్సలర్ని చేశారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ గారి పేరు పెట్టారు. (ఎచ్చెర్లలో 2008లో వచ్చిన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వేరు. పేర్లు ఒకటే కావడంతో ఇప్పటికీ ఒక చోటికి వెళ్లాల్సిన దరఖాస్తులు పట్టుకుని ఇంకో చోటికి వెళ్లేవాళ్లున్నారు.)

ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చని ఆ విశ్వవిద్యాలయం చెప్పింది. తెలుగులో, చదివితే అర్థమయ్యే తెలుగులో పుస్తకాలు రాయించింది. ఆ పుస్తకాలు ఎంత బాగా కుదిరాయంటే, ఓపెన్‌తో ఏ సంబంధం లేని గ్రూప్స్ అభ్యర్థులు కూడా వాటిని కొని చదువుతారు. రేడియోలో పాఠాలు కూడా వచ్చేవి. వీటన్నిటి గురించీ అందరూ రాస్తారు. ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టి, ఆ కాలేజీ లెక్చరర్లనే కౌన్సెలర్లుగా ఆదివారాలు కూర్చోబెట్టిన సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కొత్త బిల్డింగు కట్టలేదు, కొత్త పోస్టులు వేయలేదు. ఆదివారం తాళం వేసి ఉండే గదులు తెరిచారు, అంతే.

ఆదివారం పదిగంటలకు

నా క్లాసులకి ఎవరెవరు వచ్చేవారో చెప్తాను. నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు దిగి తిన్నగా వచ్చే ఒకాయన. సాలూరు వైపు నుంచి ఆర్టీసీ కండక్టరు. గరివిడి దగ్గర పల్లె నుంచి అంగన్‌వాడీ టీచరు. పదో తరగతిలో పెళ్లై, పిల్లలు బళ్లో పడ్డాక మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లు చాలామంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67.02 శాతం ఉంటే, శ్రీకాకుళం 61.74, విజయనగరం 58.89. ఈ అంకెల వెనకాల ఉన్న మనుషులు ఆ బెంచీల మీద కూర్చునేవారు. అక్షరం వచ్చి కూడా చదువు మధ్యలో తెగిపోయినవాళ్లు వాళ్లు.

ఆ అంగన్‌వాడీ టీచరు గురించి కాస్త చెప్పాలి. 1857 తిరుగుబాటుకి కారణాల మీద అసైన్‌మెంట్ ఇస్తే, పుస్తకంలో ఉన్న నాలుగు పేజీలూ పొల్లుపోకుండా దించి తెచ్చింది. చేతిరాత ముత్యాల్లా ఉంది. "ఇది పుస్తకం రాసింది కదమ్మా, మీ మాటల్లో రాయండి" అన్నాను. ఆమె నా మొహంకేసి అనుమానంగా చూసింది. "నా మాటల్లో రాస్తే మార్కులిస్తారేటి సార్?" అంది.

ఆ ప్రశ్న వీడియో పాఠాన్ని అడగడానికి లేదు. పుస్తకాన్ని అడగడానికీ లేదు. అడిగితే ఎవరినో ఒక మనిషినే అడగాలి, అదీ కాస్త చనువుంటేనే అడుగుతారు. ఇస్తానని చెప్పాను. తర్వాతి ఆదివారం అరపేజీ రాసుకొచ్చింది. తప్పులున్నాయి, వాక్యాలు కొన్ని మధ్యలో ఆగిపోయాయి. కానీ కంపెనీ వాళ్లు రాజుల్నీ, సిపాయిల్నీ, రైతుల్నీ ఒకేసారి ఎలా దూరం చేసుకున్నారో ఆమెకి అర్థమైందని ఆ అరపేజీ చూస్తే తెలిసిపోయింది. ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చాను. బల్ల మీద పెట్టుకుని ప్రతి గీతా ఎందుకు గీశానో అడిగి తెలుసుకుంది. గిడుగు వారు వ్యవహారంలో ఉన్న మాటలతోనే చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన ప్రాంతం ఇది. ఇక్కడి మనిషికే తన మాటలకి మార్కులొస్తాయా అని సందేహం రావడం నన్ను చాలాకాలం బాధపెట్టింది.

ఇంకొకామె ఎప్పుడూ అందరికంటే ముందు వచ్చి, క్లాసు లేకపోయినా మధ్యాహ్నం దాకా కూర్చునేది. ఇంటి దగ్గర చదువుకోవచ్చు కదమ్మా అంటే, "ఇంటికాడైతే గుంటలు ఊరుకోరు సార్, అత్త ఊరుకోదు. ఇక్కడైతే నన్నెవులూ పిలవరు" అంది. ఆమెకి కావలసింది పాఠం ఒక్కటే కాదు. బస్సెక్కి ఇంటి నుంచి బయటికి రావడానికి అందరూ ఒప్పుకునే ఒక కారణం, కూర్చోవడానికి ఒక చోటు. హాల్‌టికెట్టులాగే స్టడీ సెంటరు కూడా ఆమె చేతిలో ఒక కాగితం. దాన్ని చూపిస్తే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవారు.

రానివాళ్ల సంగతి

ఇక్కడ నాకే ఒక గట్టి అనుమానం ఉంది. నేను చూసింది వచ్చినవాళ్లని. చేరినవాళ్లలో క్లాసులకి వచ్చింది కొద్దిమందే. మిగతావాళ్లు పరీక్షలప్పుడు కనిపించేవారు, కొందరు అప్పుడూ కనిపించేవారు కాదు. ఎక్కడో దూరాన ఉన్న భామిని నుంచో, మందస నుంచో ఆదివారం కూలి వదులుకుని, చార్జీలు పెట్టుకుని రమ్మంటే ఎవరొస్తారు? వచ్చినా ఆ వారం కౌన్సెలర్ రాకపోతే? అలా జరిగిన ఆదివారాలున్నాయి. గైడు కొనుక్కుని పరీక్ష ముందు వారం బట్టీ పట్టి గట్టెక్కినవాళ్లూ బోలెడుమంది. కాబట్టి స్టడీ సెంటర్ ఉంటే చాలు చదువు అదే వస్తుందని నేననడం లేదు. ఆదివారం క్లాసుకి వచ్చినవాళ్లు ముందే పట్టుదల ఉన్నవాళ్లు, వాళ్లు ఎలాగైనా పాసయ్యేవారు అని ఎవరైనా అంటే పూర్తిగా కాదనలేను. అయితే ఆ అంగన్‌వాడీ టీచరుకి పట్టుదల మొదటి రోజు నుంచీ ఉంది. ఆ పట్టుదలతోనే నాలుగు పేజీలు దించి రాసింది. దాన్ని అరపేజీ సొంత రాతగా మార్చడానికి ఇంకొకరు కావలసి వచ్చింది.

దగ్గరగా ఉన్న ప్రతి మనిషీ మేలు చేయడన్నది ఇంకో సంగతి. 2000 తర్వాత మన టౌన్లలో ఎక్కడ చూసినా ఫ్లెక్సీలు: "ఒకే సిట్టింగులో డిగ్రీ". ఎక్కడో ఉత్తరాది విశ్వవిద్యాలయం పేరు, ఇక్కడ జిరాక్స్ షాపు పక్కన ఒక గది, బల్ల, రసీదు పుస్తకం. అదీ సెంటరే, అక్కడా ఒక మనిషి ఉన్నాడు. కానీ అతను దిద్దడానికి కాదు, డబ్బు కట్టించుకోవడానికి కూర్చున్నాడు. మా దూరపు బంధువుల అబ్బాయి అలాంటి ఒక చోట చేరి, పొలం అమ్మిన డబ్బులో కొంత పోసి, ఏ ఉద్యోగానికీ పనికిరాని కాగితం తెచ్చుకున్నాడు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు డిగ్రీల మీద తీర్పు చెప్పింది. దేశమంతా వేలమంది జీవితాలు తలకిందులయ్యాయి.

ఆ దెబ్బ నిజంగా చదువుకున్నవాళ్ల మీద కూడా పడింది. ఇంటర్వ్యూలో "రెగ్యులరా, డిస్టెన్సా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాళ్లని నేనెరుగుదును. రెండూ సమానమేనని విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2022 సెప్టెంబరులో మళ్లీ స్పష్టంగా చెప్పింది. కాగితం మీద సమానమే. బయోడేటాలు ఏరేవాళ్ల బల్ల మీద ఇంకా సమానం కాలేదు. అందుకు నేను కంపెనీల వాళ్లని పూర్తిగా తప్పు పట్టను. దిద్దిన డిగ్రీకీ అమ్మిన డిగ్రీకీ తేడా బయటివాళ్లకి తెలిసే దారి మనం వాళ్లకి చూపించలేదు.

ఫోను చేసిన మేలు, చేయలేని పని

ఫోనుని నేను తక్కువ చేయను. సీతంపేట ఏజెన్సీలో సిగ్నల్ కోసం గట్టెక్కి కూర్చునే పిల్లలు ఐఐటీ ప్రొఫెసర్ పాఠం వినగలుగుతున్నారు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఇది కలలో కూడా లేదు. ఐఐటీల వాళ్లు పాఠాలు పెట్టే ఎన్‌పీటీఈఎల్ 2003లో మొదలైంది, కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సులు పెట్టే స్వయం 2017లో. పైసా ఖర్చు లేకుండా వినొచ్చు. ఇల్లు కదలడానికి వీల్లేని ఆడపిల్లలకి, కదల్లేని వికలాంగులకి ఇంతకంటే మేలు ఎవరు చేశారు?

అయినా చూడండి. 2012-13లో హార్వర్డ్, ఎంఐటీ కలిసి ఇంటర్నెట్టులో పెట్టిన 17 కోర్సుల్లో 8,41,687 నమోదులు జరిగాయి. సర్టిఫికెట్లు వచ్చినవి 43,196. చాలామంది ఊరికే చూద్దామని చేరారనుకున్నా, ఇరవైలో ఒకరు. ప్రపంచంలో అంతకంటే మంచి పాఠాలు ఉండవు, అంతకంటే సులువుగా అందేవీ ఉండవు. ఎన్‌పీటీఈఎల్ వాళ్లు తర్వాత ఏం చేశారు? కాలేజీల్లో లోకల్ చాప్టర్లు పెట్టి, విద్యార్థుల్ని వెంటబెట్టుకుని నడిపించే మెంటార్లని ఏర్పాటు చేశారు. పరీక్ష కేంద్రానికి వచ్చి రాయాలన్నారు. ఇంటర్నెట్టులో మొదలైన చదువు తిరిగి తిరిగి కాలేజీ గదికే, ఒక మనిషి దగ్గరికే చేరింది.

సభ అయ్యాక టీ తాగుతూ ఆ కుర్రాణ్ణి అడిగాను, "బాబూ, మీ యాప్‌లో పిల్లలకి డౌటొస్తే ఏం చేస్తారు?" అని. "డౌట్ల సెక్షన్ ఉంది సార్, జవాబులు రాయడానికి మనుషులున్నారు. వీడియోలు ఒకసారి తీస్తే అయిపోతుంది, వీళ్ల జీతాలే ప్రతి నెలా భారం" అన్నాడు. డబ్బు కట్టినవాళ్లకే ఆ సెక్షన్ తెరుచుకుంటుందట. 1858 తర్వాత ఇంగ్లండులో జరిగింది మన కళ్లెదుట మళ్లీ జరుగుతోంది. పాఠం ఉచితం, దిద్దడం మాత్రం కొనుక్కోవాలి. కొనుక్కోలేనివాళ్ల కోసమే ప్రభుత్వం దూరవిద్య పెట్టిందని మర్చిపోతే, స్టడీ సెంటరు దండగ ఖర్చులాగే కనిపిస్తుంది.

నేను అడిగేది

ఉన్న సెంటర్లు చాలవు, అవి ఉన్న చోట్లూ చాలవు. జిల్లా కేంద్రంలోనో డివిజన్ కేంద్రంలోనో కాక, మండలం స్థాయిలో కావాలి. అక్కడ జూనియర్ కాలేజీయో, శాఖా గ్రంథాలయమో ఉంటుంది, ఆదివారం గదులు ఖాళీగానే ఉంటాయి. వీడియో పాఠాలు ఫోన్లోనే విననివ్వండి, అక్కడ మళ్లీ ఉపన్యాసం చెప్పక్కర్లేదు. సెంటరులో జరగాల్సింది రాయడం, రాసినది చూడటం, ఎందుకు తప్పో చెప్పడం. అసైన్‌మెంట్ ఇచ్చాక ఇన్ని రోజుల్లో దిద్ది తిరిగివ్వాలని నియమం పెట్టాలి. ఇవ్వకపోతే విద్యార్థి అడిగే హక్కు ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల అసైన్‌మెంట్లు మార్కుల కోసం లోపలికి వెళ్తాయి కానీ బయటికి రావు. దిద్దేవాళ్లకి గౌరవంగా డబ్బివ్వాలి. ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చే లెక్చరరుకి ఇచ్చేది ఆటో చార్జీలకి సరిపోయేలా ఉంటే ఎవరూ మనసు పెట్టి చేయరు. చేయమని అడగడం కూడా న్యాయం కాదు.

నా ఈ ఆలోచనకి లొంగని చిక్కు ఒకటుంది, అది మన జిల్లాలదే. వలస. ఉద్దానం నుంచి చెన్నై, సూరత్ వెళ్లినవాళ్లు, గుజరాత్‌లోని వేరావల్‌లో పడవలెక్కే ఎచ్చెర్ల, గార వైపు మత్స్యకారులు ఏ మండలం సెంటరుకి రాగలరు? ఏడాదిలో సగం రోజులు వాళ్ల ఊరే మారిపోతుంది. వీళ్ల విషయంలో ఆ కుర్రాడు చెప్పిందే సగం నిజం. ఫోను తప్ప వేరే దారి లేదు. అలాగని వాళ్లని వీడియోకి వదిలేయక్కర్లేదు కదా. సూరత్ గదిలో రాసిన కాగితాన్ని ఫోటో తీసి పంపితే, టెక్కలిలో కూర్చున్న కౌన్సెలర్ దాని మీదే దిద్ది, ఎందుకు దిద్దారో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి పంపొచ్చు. పండక్కి ఊరొచ్చినప్పుడు ఆ కౌన్సెలర్‌ని వెళ్లి కలవొచ్చు. దీనికి కావలసిన ఫోన్లు ఇద్దరి చేతుల్లోనూ ఇప్పటికే ఉన్నాయి. ఆ కౌన్సెలర్‌కి ఈ పని అప్పజెప్పి, అందుకు జీతమిచ్చే ఉత్తర్వు ఒకటి రావాలి.